సూదమ్మ గీసిన నాలుగో ఈగ

మ్యూజియం రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు చివరి గదిలో, పొడుగుకాళ్ళ ఈగల పెట్టెల మధ్య ఆమె ఇరవై రెండేళ్ళు పనిచేసింది. ఆఫీసులో అందరూ సూదమ్మ అనేవాళ్ళు. భుజం దగ్గరో, చేతి అంచుకో, ఎక్కడో ఒకచోట తల లేని సన్నటి సూది ఒకటి ఆమె బట్టలకు గుచ్చి ఉండేది. అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉండేది.

పొడుగుకాళ్ళ ఈగ అంటే ఎవరికీ తెలియదు గానీ, దాన్ని చూడనివాళ్ళు ఉండరు. వానలు పట్టాక గోడమీద దీపం పక్కన వాలుతుంది. ఇంత లావు దోమ వచ్చిందని ఇంట్లోవాళ్ళు చెప్పు తీస్తారు. పాపం, అది కుట్టదు, కరవదు. చాలావాటికి తినే తీరిక కూడా ఉండదు, నాలుగైదు రోజుల బతుకు. పట్టుకోబోతే కాలు మన చేతిలో వదిలేసి తను ఎగిరిపోతుంది. మ్యూజియం పెట్టెల్లో ఒక్కో ఈగ పక్కన చిన్న కాగితపు పొట్లం ఉండేది. రాలిన కాళ్ళు అందులో దాచేవారు. ఏ ఈగ కాళ్ళు ఆ ఈగవే. కలిసిపోతే మళ్ళీ విడదీయడం ఆ బ్రహ్మతరం కూడా కాదు.

సూదమ్మ పని బొమ్మలు గీయడం. అంతకుముందు బడిపిల్లల చార్టుల మీద గుండె, మూత్రపిండాలు, మందార పువ్వు గీసేది. ఈగల సెక్షనులో బొమ్మలేసేవాళ్ళు కావాలంటే వచ్చింది. అప్పటి సెక్షను పెద్ద, తర్వాత అందరూ పెద్దాయన అని పిలిచిన శాస్త్రవేత్త, గాజుపలక మీద ఒక రెక్క పెట్టి గీయమన్నాడు. ఆమెకంటే ముందొచ్చిన ముగ్గురూ చక్కటి రెక్కలు గీసి వెళ్ళారు. ఈమె గీసిన రెక్కలో ఒక ఈనె సగంలో తెగిపోయి ఉంది.

"ఇదేంటమ్మా, మధ్యలో వదిలేశావ్?"

"వదల్లేదు సార్. అక్కడ తెగే ఉంది."

పెద్దాయన మైక్రోస్కోపులోకి వంగి చూశాడు. తల ఎత్తకుండానే, "సోమవారం నుంచి రా" అన్నాడు.

పెద్దాయన తన జీవితమంతా ఒకే ఒక్క ప్రజాతికి ధారపోశాడు. ఒక రకం ఈగ ఒక జాతి. దగ్గరి చుట్టాలైన జాతులన్నీ కలిస్తే ఒక ప్రజాతి, ఇంటిపేరు లాంటిదన్నమాట. ఆ ఇంటిపేరు గల ఈగలు బియ్యపుగింజంత ఒళ్ళు, దానికి వేలెడు కాళ్ళతో, తడి బండల మీద, నాచు పట్టిన వాగుల పక్కన బతుకుతాయి. రంగు మట్టిరంగు. వాటి గురించి పట్టించుకునేవాళ్ళు లోకం మొత్తమ్మీద పట్టుమని పదిమంది లేరు. ఆ పదిమందిలో ఇద్దరికి ఒకరితో ఒకరికి మాటల్లేవు.

పొడుగుకాళ్ళ ఈగలన్నిటికీ వీపు మీద ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఒక గాడి ఉంటుంది. నెత్తి మీద మిగతా ఈగలకుండే మూడు చిట్టికళ్ళు వీటికి ఉండవు. రెక్కల వెనక, గుండుసూది తలల్లాంటి రెండు బుడిపెలు బయటికే కనిపిస్తాయి. ఎగిరేటప్పుడు ఒళ్ళు తూలకుండా అవే కాస్తాయి. అంతవరకూ అన్నిటికీ ఒకటే. పెద్దాయన ఈగల ప్రత్యేకత ఏమిటంటే, రెక్క నడుమ ఈనెల మధ్య ఏర్పడే గడి మూసుకోదు. ఒక పక్క తలుపు తీసిపెట్టిన గదిలా ఉంటుంది. మీసాలకు పద్నాలుగు కణుపులు. ఇక ప్రజాతిలో ఏ ఈగ ఏ జాతిదో తేలాలంటే రెక్కలు, కాళ్ళు చూస్తే లాభం లేదు. మగ ఈగ తోక చివర చూడాలి. జోడు కట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకోవడానికి అక్కడ రెండు కొక్కేలుంటాయి. ఆ కొక్కెం వంపు, దాని కింది ముల్లు, దాని మీది వెంట్రుకలు, జాతిభేదమంతా ఆవగింజలో పదోవంతు లేని ఆ ముక్కలోనే ఉంది.

ఆమె చేరిన మూడో ఏట ఒక లోయలో దొరికిన ఒకే ఒక్క మగ ఈగ వచ్చింది. దాని తోక కోసి, మెత్తబడేదాకా కాస్టిక్ పొటాష్‌లో నానబెట్టి, గాజుపలక మీద బాల్సం అనే పారదర్శకమైన జిగురు చుక్కలో ఉంచి, పైన పలచటి గాజుమూత వేసి నొక్కింది ఆమే. గీసింది ఆమే. కొక్కెం చివర పాము నాలుకలా రెండుగా చీలి ఉంది. అప్పటికి తెలిసిన మూడు జాతుల్లో దేనికీ అలా లేదు. పెద్దాయన బల్ల మీద అరచేత్తో కొట్టాడు. నాలుగో జాతి! ఆమె అసలు పేరుకు లాటిన్ తోక తగిలించి దానికి పెట్టాడు.

ఆ పేరు గురించి ఆమె కంటే ఆమె భర్తే ఎక్కువ సంబరపడ్డాడు. ఆయన లిఫ్టు మెకానిక్. ఏ భవనానికి రిపేరుకు వెళ్ళినా, పైన మోటారు గదిలో టీ తాగుతూ తోటివాళ్ళతో అనేవాడు: "మా ఆవిడ పేరుమీద ఒక ఈగ ఉందిరా. మీ ఆవిడల పేరుమీద ఏముందో చెప్పండి?" ఆ కొక్కెం బొమ్మ జిరాక్సు తీయించి పనిముట్ల సంచిలో మడిచి పెట్టుకున్నాడు. అది ఈగలో ఏ భాగమో తోటివాళ్ళు అడిగితే "కిరీటం" అని చెప్పేవాడట.

పందొమ్మిదేళ్ళ తర్వాత ఒక గురువారం పొద్దున ఆయన స్టూలు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ పోయాడు. కుడి బూటు తాడు కట్టి ఉంది, ఎడమది విప్పి ఉంది. ఆమె వంటగదిలోంచి "టైమైంది" అని రెండుసార్లు అంది. మూడోసారి చూడటానికి వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు చెప్పాల్సింది చెప్తే "సరే" అంది. డాక్టరుకు అర్థంకాలేదేమోనని మళ్ళీ చెప్పాడు. ఆమె మళ్ళీ "సరే" అంది.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. ఆమెకు కన్నీళ్ళు రాలేదు. గొంతు పట్టేయడం, గుండె బరువెక్కడం, అందరూ చెప్పే అలాంటివేవీ లేవు. చెవుల్లో దూది కుక్కుకుని తిరుగుతున్నట్టు ఉండేది. ఎవరైనా ఏదైనా అంటే ఆ మాట చేరడానికి కొంతసేపు పట్టేది. అత్తగారు మాత్రం పొద్దున లేస్తూనే మొదలుపెట్టేది. ఆవిడకు ఒక్కడే కొడుకు.

"ఏడవ్వే తల్లీ," అంది అత్తగారు నాలుగో రోజు. "నా వంతు నేను ఏడుస్తున్నా. నీ వంతూ నేనే ఏడవాలా?"

"రావట్లేదు అత్తయ్యా."

"రాకపోవడమేంటే?"

"ఏమో. రావట్లేదు."

ఏడో రోజున పనికి వెళ్ళింది. గుండె రాయి చేసుకుందని కొందరన్నారు. ఏమీ జరగనట్టే ఉంది చూడమని మరికొందరన్నారు. రెండూ ఆమెకు వినపడ్డాయి. రెండిట్లో ఏది నిజమో తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

పెద్దాయన రిటైరై పదిహేనేళ్ళయినా రోజూ పదింటికల్లా వచ్చేవాడు. ఆయనకు జీతం లేదు, కుర్చీ ఉంది. చేతులు వణుకుతుండేవి కాబట్టి సూదులు పట్టడం మానేశాడు. ఆమెను చూసి ఏం మాట్లాడాలో తోచక, "సీసాలొచ్చాయమ్మా" అన్నాడు.

కొండవాగుల సర్వేకు వెళ్ళినవాళ్ళు ఆరు సీసాలు పంపించారు. స్పిరిటులో ఈగలు. వేరు చేసి చూస్తే పెద్దాయన ప్రజాతివి అరవై మూడు తేలాయి, వాటిలో మగవి నలభై ఒకటి. ఆయన తన జన్మలో చూసినవన్నీ కలిపినా అన్ని లేవు.

"నీ ఈగ కూడా ఉంటుంది చూడు," అన్నాడు. "ఆ లోయ వీటికి పక్కనే."

ఆమె పనిలో దిగింది. ఇప్పుడు గాజుమూత వేసి నొక్కే పద్ధతి మానేశారు. నానబెట్టిన ముక్కను నడుమ గుంట ఉన్న గాజుపలకలో, గ్లిజరిన్ చుక్కలో వదిలి, సూదిమొనతో ఇటూ అటూ దొర్లిస్తూ చూడొచ్చు. మామూలుగా ఒక్కో ఈగకు రెండు బొమ్మలు చాలు, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. ఆమె ఒక్కోదానికి ఏడేసి గీసింది. అంత అవసరం లేదని పెద్దాయన రెండుసార్లు చెప్పాడు. ఆమెకు ఇంటికి వెళ్ళాలని తొందర లేదు, ఉండాలనీ లేదు. సూది తిప్పితే ఒక బొమ్మ, ఇంకాస్త తిప్పితే మరో బొమ్మ. మూడు వారాలు అలా గడిచాయి. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచిందో లేదో సాయంత్రం సంచి బరువును బట్టి అత్తగారికి తెలిసేది.

ఇరవై ఆరో ఈగ రెండో జాతిది. అందులో సందేహం లేదు. కొక్కెం చివర మొండిగా ఉంది, కింద వేరే ముక్క నుంచి పుట్టిన సన్నటి ముల్లు ఉంది. దాన్ని కొంచెం వాలుగా దొర్లించేసరికి ఆ ముల్లు కొక్కెం వెనక్కి వెళ్ళి, చివర మాత్రం పక్కనుంచి బయటికి వచ్చింది. కొక్కెం రెండుగా చీలినట్టు కనిపించింది. ఆమె చెయ్యి ఆ చీలికను గీసేసింది. గీశాక కాగితం వైపు చూసింది. ఆ బొమ్మ ఆమె ఇదివరకే గీసింది.

సూదిని ఒక వెంట్రుకవాసి తిప్పింది. చీలిక పోయింది. మళ్ళీ తిప్పింది. వచ్చింది.

లేచి బీరువాలోంచి పందొమ్మిదేళ్ళనాటి గాజుపలక తీసింది. ఎర్ర అంచు లేబుల్ మీద తన దస్తూరీ. మైక్రోస్కోపు పెంచి, తగ్గించి, మెల్లమెల్లగా లోతుకు దించుతూ చూసింది. కొక్కెం ఒక లోతులో స్పష్టంగా ఉంది. రెండో మొన అదే లోతులో లేదు, ఒక పొర కింద ఉంది. గాజుమూత గట్టిగా నొక్కినందువల్ల ముల్లు పక్కకు ఒరిగి కొక్కేనికి అతుక్కుంది. నొక్కిన చెయ్యి తనది. అప్పుడు కొత్త కాబట్టి ఎంత నొక్కాలో తెలియలేదు.

నాలుగో జాతి అంటూ ఏమీ లేదు. అది రెండో జాతే.

గుండె ఝల్లుమంటుందేమోనని ఆమె కాసేపు ఆగి చూసింది. అనలేదు. పలక పెట్టెలో పెట్టి, కిటికీ మూసి, ఇంటికి వెళ్ళింది.

ఆ సాయంత్రమే భర్తతో పనిచేసిన మెకానిక్ ఒకతను వచ్చాడు. పనిముట్ల సంచి కంపెనీది, అందులో సొంత వస్తువులు ఇంట్లో ఇచ్చి పొమ్మన్నారట. కళ్ళజోడు పెట్టె, ఒక దువ్వెన, ఎనిమిది మడతలు పెట్టిన జిరాక్సు కాగితం. అతను వెళ్ళాక అత్తగారు కాగితం విప్పి ఒళ్ళో పరుచుకుని, చేత్తో నిమిరి నిమిరి మడతలు సాపు చేస్తోంది.

"ఇది పటం కట్టిద్దామే. వాడి ఫోటో పక్కన."

"అది తప్పు అత్తయ్యా."

"పక్కన పెడితే తప్పేంటి?"

"పెట్టడం కాదు. బొమ్మే తప్పు. ఆ ఈగ లేదు. నేనే తప్పు గీశాను. ఇవ్వాళ తెలిసింది."

అత్తగారికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. సూదమ్మ విడమరిచి చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతు, కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పినట్టే ఉంది.

"అయితే వాడు ఊరంతా చెప్పుకు తిరిగింది అబద్ధమా?"

"ఆయనకు తెలీదుగా."

"ఇప్పుడు మాత్రం ఎవరికి తెలుసు?"

"నాకు."

"నీ ఒక్కదానికేగా. నోరు మూసుకుని ఊరుకో. దోమకి పేరుంటే ఎవడి సొమ్ము పోయింది? మొగుడు పోయిన నెల తిరక్కుండానే వాడు ముచ్చటపడ్డది కూడా తుడిచేస్తానంటావేంటే? అసలు నీకు..." అత్తగారు ఆగిపోయింది.

"రేపు ఎవరో ఒకరు ఆ నాలుగోదాని కోసం కొండలెక్కి వెతుకుతారు అత్తయ్యా. దొరకదు. అంతరించిపోయింది అనుకుంటారు. ఎన్నడూ లేనిదానికి అలా రాస్తే ఎట్లా?"

అత్తగారు కాగితం మళ్ళీ మడిచింది. ఆ రాత్రి ఆవిడ ఏడవలేదు. పొద్దున డబ్బా మాత్రం సర్ది ఇచ్చింది.

పెద్దాయన పదింటికి వచ్చి గొడుగు కొక్కేనికి తగిలిస్తుండగానే ఆమె చెప్పింది.

"సార్, నాలుగోది లేదు."

"లేకపోవడమేంటి? పెట్టెలోంచి ఎవరు తీశారు?"

"పెట్టెలో ఉంది సార్. లోకంలో లేదు."

ఆయన నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాడు. తర్వాత కోపం వచ్చింది. మనసు బాగాలేనప్పుడు పని పెట్టుకోకూడదన్నాడు. సెలవు తీసుకోమన్నాడు. పందొమ్మిదేళ్ళుగా రెండు పుస్తకాల్లో, నాలుగు దేశాల జాబితాల్లో ఉన్న జాతి పొద్దున్నే లేకుండా ఎలా పోతుందన్నాడు. ఆమె రెండు మైక్రోస్కోపులు పక్కపక్కన సర్దింది, ఒకదాని కింద పాత పలక, ఇంకోదాని కింద ఇరవై ఆరో ఈగ. కుర్చీ లాగింది.

ఆయన చేతులు వణుకుతున్నాయి కాబట్టి సూది ఆమే తిప్పింది. "చీలిందా సార్?" "ఊఁ." "ఇప్పుడు?" ఆయన కళ్ళు ఇంకా దగ్గరికి ఆనించాడు. "ఇప్పుడు?" ఆరు ఈగలు అలా తిప్పి చూపించింది. ఆయన పాత పలక ముందే చాలాసేపు ఉండిపోయాడు. లేచేసరికి కళ్ళచుట్టూ మైక్రోస్కోపు గొట్టాల అచ్చులు ఎర్రగా పడ్డాయి.

"నీ చెయ్యి అప్పుడు కొత్తది. సరే," అన్నాడు. "నా కళ్ళు కొత్తవి కాదుగా. నేనూ చూశాను ఈ పలక. కొత్తది కావాలని చూశాను. కనపడింది." కాసేపటికి మళ్ళీ, "దిద్దుబాటు రాయాలి. నువ్వే రాయి."

"నేను బొమ్మలు గీసేదాన్ని సార్. నాకంత ఇంగ్లీషు రాదు."

"ఈగలకీ రాదు. రాయి. తప్పు పట్టినవాళ్ళే రాయాలి, అది పద్ధతి. నా పేరు నీ పేరు కింద పెట్టు, చేసిన తప్పులో నా వాటా ఉన్నట్టు."

"మరి ఆ పేరు?"

"పేరు కొట్టెయ్యరమ్మా. రెండోదాని పేరు కింద, ఇదీ అదే అని రాస్తారు. ఎవరు ఎప్పుడు జాబితా వేసినా అక్కడ ఉంటుంది. ఇంకొకళ్ళ ఇంట్లో అద్దెకున్నట్టు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "బాధగా ఉందా?"

"లేదు సార్. ఉండాలా?"

"నాకుంది," అని ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

రాయడానికి నాలుగు నెలలు పట్టింది. నలభై ఒక్క మగ ఈగల కొలతలు, ఏ వంపులో చూస్తే ముల్లు ఎలా కనపడుతుందో వరసగా ఏడు బొమ్మలు, చివర కొత్త గుర్తింపు పట్టిక. ఆ పట్టిక రాయడమే కష్టమైంది. ఇలా ఉంటే ఇటు వెళ్ళు, అలా ఉంటే అటు వెళ్ళు అని ప్రశ్నలు వేసుకుంటూ జాతి దగ్గరికి తీసుకెళ్ళాలి. పాత పట్టికలో "కొక్కెం చీలి ఉంటే" అనే ప్రశ్న మూడోది. అది తీసేస్తే మిగతావి కూలిపోయాయి. కొక్కేన్ని వదిలేసి ముల్లు పొడవుతో మొదలుపెట్టి మళ్ళీ కట్టింది. పదిహేను సార్లు తిరగరాసింది. పెద్దాయన ఎర్రసిరాతో కామాలు దిద్దేవాడు, మాటలు మార్చేవాడు కాదు.

చివర్లో ఎవరికైనా కృతజ్ఞతలు రాస్తావా అని అడిగాడు. ఆయన ఉద్దేశం ఆమెకు తెలుసు.

"సర్వేవాళ్ళకు రాశాను సార్."

"ఇంకెవరికీ?"

"మా ఆయన ఈ ఈగల్ని ఎప్పుడూ చూడలేదు," అంది.

వ్యాసం అచ్చయింది. ఆ పదిమందిలో ఇద్దరు ఉత్తరాలు రాశారు. ఒకరు మెచ్చుకున్నారు. ఇంకొకరు, పెద్దాయనతో మాటల్లేనివాడు, తనకు మొదటినుంచీ అనుమానమేనని రాశాడు. పెద్దాయన ఆ ఉత్తరం చించబోయి, మడిచి ఫైల్లో పెట్టాడు.

అచ్చుకాపీ చూపిస్తే అత్తగారు తిరగేసి చూసి, "ఇంతకీ ఆ ఈగేదో నాకొకసారి చూపించు. ఉన్నదాన్నే చూపించు," అంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ మ్యూజియానికి ఎప్పుడూ రాలేదు. ఒక మంగళవారం మోకాళ్ళ నొప్పితో మెట్టుకో మెట్టు ఎక్కి వచ్చింది. పెద్దాయన లేచి తన కుర్చీ ఇచ్చాడు. సూదమ్మ మైక్రోస్కోపు ఆవిడ కంటికి సరిపడేలా దించింది.

"ఏమీ కనపడట్లేదే."

"ఒక కన్ను ముయ్యండి. ఇప్పుడు?"

"ఆఁ... అబ్బో. కొడవలిలా ఉందే. ఇది దాని కాలా?"

"కాదు."

"కొమ్మా?"

పెద్దాయన గొడుగు వెతుక్కుంటున్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. సూదమ్మ వంగి అత్తగారి చెవిలో చెప్పింది. ఆవిడ మైక్రోస్కోపు నుంచి చటుక్కున వెనక్కి జరిగింది.

"ఛీ! ఇన్నేళ్ళూ నువ్వు గీసింది ఇదా? వాడు కిరీటం అన్నాడే!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత మళ్ళీ వంగి చూసింది. ఈసారి చాలాసేపు చూసింది.

తిరిగి వెళ్ళేటప్పుడు బస్‌స్టాపులో ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. బస్సు ఆలస్యమైంది. అత్తగారు మోకాళ్ళు రుద్దుకుంటూ, "వాడు చిన్నప్పుడు ఈగల రెక్కలు పీకేవాడు తెలుసా. పీకి అగ్గిపెట్టెలో వేసేవాడు. నేను చావబాదేదాన్ని," అంది.

"నాకెప్పుడూ చెప్పలేదు."

"నీకెందుకు చెప్తాడు? నీకు భయపడి చచ్చేవాడు ఆ విషయంలో."

సూదమ్మకు నవ్వు వచ్చింది. గట్టిగా ఏమీ కాదు, ముక్కులోంచి గాలి వదిలినట్టు. నవ్వాక, లోపల ఇంకేదైనా వస్తుందేమోనని కాసేపు చూసింది. ఏమీ రాలేదు. అత్తగారు ఆమె మొహంలోకి చూసి, ఆమె సంచి తన ఒళ్ళోకి తీసుకుంది. బస్సు వచ్చింది. ముందు అత్తగారిని ఎక్కించి, వెనక తను ఎక్కింది.